బొంబాయికి రెండు మూరల దూరం

మొన్న మా మనవరాలు ఆఫీసు పని మీద చెన్నై నుంచి ముంబయికి పోతూ, విమానం ఎక్కేముందు ఫోన్ చేసి, "రెండు గంటల్లో ఆడ దిగేస్తా తాతా, నువ్వు అన్నం తిని ఓ కునుకు తీసేలోగా" అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో నా ఈడువాళ్లకైతే చెప్పుకోవచ్చు.

మద్రాసు నుంచి బొంబాయి పోయే బండి ఆదోనిలో ఆగేది. మా అక్కను బొంబాయి బట్టల మిల్లులో పనిచేసే బావకిచ్చి చేశారు కాబట్టి, మా ఊరు ఎమ్మిగనూరులో బస్సెక్కి ఆదోని చేరి, సాయంత్రం ఆ బండి పట్టుకుంటే మర్నాటికి అక్క గడపలో ఉంటామని మా లెక్క. మాది నేత ఇల్లు; మగ్గం మీద తెగిన పోగును ముడి కనబడకుండా అతకడం, నా వేళ్లు పట్టుకుని నేర్పింది అక్కే; ముడి లావైతే మొట్టికాయ కూడా వేసేది, మహాతల్లి.

నాన్న పోయి నేను మగ్గం ఎక్కిన రెండో ఏడు, అక్కకు కాన్పు కష్టమైంది, వెంటనే రమ్మని బావ టెలిగ్రాం ఇచ్చాడు. అది అందేసరికి ఇంకా మధ్యాహ్నం కూడా కాలేదు, బండికి బోలెడంత సమయం ఉంది. కానీ మగ్గం మీద చీర ఇంకా రెండు మూరలు నేయాల్సి ఉంది. నేస్తున్న చీరను సగంలో వదిలి ఊరు దాటితే ఇంట్లోవాళ్లకు కీడని నాన్నకు పట్టింపు. అమ్మ మగ్గం పక్కన నిలబడి, "చీర యాడికీ పోదురా, నేను సూసుకుంటా, నువ్వు పో నాయనా" అని బతిమాలింది. వింటేనా! ఇంటికి పెద్దదిక్కునయ్యానన్న పొగరు నాది. అక్క మేలు కోరే ఆగుతున్నానని కూడా, దేవుడి సాక్షిగా, అనుకున్నాను. తొందరపడిన కొద్దీ పోగులు తెగాయి. ఒక్కొక్కటీ అక్క నేర్పినట్టే అతికాను. మగ్గం మీంచి చీర కోసి తీసి, ఒక్క పరుగున బస్సెక్కి ఆదోని చేరేసరికి బండి వెళ్లిపోయింది.

మర్నాటి బండికి పోయాను. అక్క గుమ్మంలో బావ కూలబడి ఉన్నాడు.

"ఈ పొద్దు తెల్లారుజామున మీ యక్క పోయిందప్పా, బిడ్డా దక్కల్యా. నిన్నంతా వాకిలి దిక్కే సూసింది, తమ్ముడు వచ్చినాడా, వచ్చినాడా అని."

బండి తప్పిపోయింది బావా, అన్నాను. అది అబద్ధం కాదు. ఎందుకు తప్పిందో మాత్రం ఆయన బతికున్నన్నాళ్లూ చెప్పలేదు. ఇంటికొచ్చాక అమ్మ ఆ చీరను మడిచి పెట్టె అడుగున పెట్టేసింది, అమ్మనివ్వలేదు, కట్టలేదు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

ఇప్పుడు మా ఇంట మగ్గం లేదు, కాళ్లు దింపుకునే దాని గుంట పూడ్చి బండలు పరిచాం. చేతిలో పని సగంలో పారేసి పరుగెత్తే ఈకాలం పిల్లలను మావాళ్లు తిడుతుంటే నాకు మాత్రం పోనీ, పోనివ్వండి అనిపిస్తుంది.

మొన్న మనవరాలు దిగగానే మళ్లీ ఫోన్ చేసింది. బొంబాయిలో అక్క ఉండేదని, ఆఖరి చూపు దక్కలేదని మాత్రం ఆ పిల్లకు తెలుసు. ఆ కాలంలో మీకూ విమానాలుండి ఉంటే అక్కను చూసుకునేవాడివి కదా తాతా, అంది. అవునమ్మా, అన్నాను. విమానం వాకిట్లోకొచ్చి నిలబడినా, ఆ రోజు ఆ రెండు మూరలూ నేసిగానీ కదిలేవాణ్ని కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.