అమ్మకు తీసిన సాపాటు టికెట్టు

వేడివేడి పులుసన్నం అరిటాకు మీద పడగానే ఆకు కమిలి ఒక వాసన వస్తుంది. సగం పచ్చిగా, సగం ఉడికినట్టుగా ఉండే ఆ వాసనకు చింతపండూ ఇంగువా వేరుశనగ నూనే తోడై కాసేపు ముక్కు దగ్గరే ఆగుతాయి. పోయిన ఆదివారం మధ్యాహ్నం తిరుపతిలో మా ఇంట్లో, పెరట్లో కోసిన ఆకులు వేసి అందరికీ వడ్డిస్తున్నాను. భర్తా పిల్లలతో నా దగ్గరే ఉండే మా అమ్మాయి ఎడమ చేతిలో ఫోను పట్టుకుని, సెలవుల్లో పిల్లలను తీసుకుపోవాలనుకుంటున్న ఆటల పార్కు టికెట్లు చూస్తూ, "అమ్మా, భోజనంతో కలిపి తీసుకోమంటావా, వద్దా? ముందే కట్టేస్తే మళ్ళీ వెనక్కి ఇవ్వరంట" అంది. నా చేతిలో గరిటె ఆగిపోయింది. నా చిన్నతనంలో, చిత్తూరులో, సరిగ్గా ఈ ప్రశ్న మీదే మా ఇంట్లో వారం పాటు ఎవరూ ఎవరితో సరిగా మాట్లాడలేదు.

మా నాయనకు బెల్లం మండీ ఉండేది. ఎండాకాలం వచ్చేసరికి బెల్లం బండ్లు తగ్గిపోయి, బజారంతా మామిడికాయల బండ్లు నిండి, వాటి కింద పరిచిన గడ్డి, కారిన జీడి, మగ్గిన పండ్ల మీద ముసిరే ఈగలు కలిసి ఊరికే ఒక రకమైన మత్తు వాసన పట్టేది. జీడి అంటి మూతి పొక్కిన మొహాలతో నేనూ తమ్ముడూ వీధి అరుగు మీద చింతగింజలతో ఆడుకుంటుంటే, నాయన తల్లి అయిన మా అవ్వ మిద్దె మీద ఆరబెట్టిన వడియాలకు నల్లగొడుగు అడ్డం పెట్టి, కాకుల్నీ మమ్మల్నీ ఒకే గొంతుతో తిడుతూ ఉండేది. అటక మీద రేకుడబ్బాలో నిప్పట్లు ఉండేవి. బియ్యప్పిండిలో వేయించిన వేరుశనగపప్పులు, కరివేపాకు వేసి అవ్వ చేసిన ఆ నిప్పట్లు విరిచిన చప్పుడు వీధి చివరికి వినిపించేది కనక దొంగతనం కుదిరేది కాదు.

ఆ ఇంట్లో అమ్మ కూర్చుని తినడం నేను చూడలేదు. ముందు నాయన, తరవాత మేము, ఆ తరవాత అవ్వ, వీధిలోంచి ఎవరైనా వస్తే వాళ్ళు. అందరూ అయ్యాక, అడుగంటిన సంగటి గీకి, ఆ గిన్నెలోనే పులుసు పోసుకుని, ఒక చెవి వాకిలి వైపు పడేసి, వంటింటి గడప దగ్గర నిలబడి తినేది. పెళ్ళిళ్ళకు పోయినా అంతే. మొదటి పంక్తి మగవాళ్ళదీ పిల్లలదీ, రెండోది పెద్దవాళ్ళది, అమ్మలాంటి వాళ్ళది ఆఖరుది, అప్పటికి పాయసం అయిపోయేది. దీన్ని అన్యాయం అని ఎవరూ అనుకోలేదు. అమ్మ కూడా అనుకోలేదనే నేను నమ్మేదాన్ని.

అలా ఉండగా మా వీధిలోనే ఉండే మస్తాన్ మామ టూరు బస్సు కట్టాడు. మద్రాసు అవతల సముద్రం ఒడ్డున కొత్తగా ఆటల తోట పెట్టారనీ, ఆకాశమంత ఎత్తు రంగులరాట్నం, మనిషిని లావుగా సన్నంగా చూపే అద్దాలు, నీళ్ళలో జారే బండలు ఉన్నాయనీ చెప్పి మాకు నిద్ర లేకుండా చేశాడు. నాయన సరేనన్నాడు. అప్పుడు మస్తాన్ మామ అరుగు మీద కూర్చుని అసలు మాట బయటపెట్టాడు.

"అన్నా, కావాలంటే కూడు గూడా ముందే కట్టొచ్చు. పొద్దున టిఫిను, మధ్యాన్నం సాపాటు, సాయంత్రం బోండా, కాపీ. ఇప్పుడు సెప్తే ఆకులు ఏపిస్తారు. ఆడికి పోయినాక అడిగితే లేదు."

నాయన నవ్వేశాడు. "కాటా ఎయ్యకుండానే సొమ్ము ఇచ్చే ఏపారం మన మండీలో యాడుండాదప్పా?"

లోపలి నుంచి అవ్వ, "ముక్కూ మొగం తెలీనోళ్ళ సేతి కూడు తినేదానికి మద్రాసు దాకా పోవాల్నా? సద్ది కట్టుకుంటే సాలు" అంది. సద్ది అంటే మా ఇళ్ళల్లో ప్రయాణానికి కట్టుకునే అన్నం మూట. అది కట్టాలంటే కోడి కూయక ముందే లేచి పులుసన్నం కలపాలి, పెరుగన్నానికి పాలు తోడుపెట్టుకోవాలి, ఊరిమిండి పచ్చడి రుబ్బాలి, తీరా పోయిన చోట మూట విప్పి అందరికీ పంచాలి. ఇవన్నీ చేసేది అమ్మే.

మజ్జిగ లోటాతో బయటికి వచ్చిన అమ్మ దాన్ని మస్తాన్ మామ చేతికి ఇచ్చి, తల వంచుకునే అంది. "సాపాటు టికెట్లు తీసుకుందాం. ఒక్క పూట నన్ను గూడా కూసోబెట్టి ఎవురన్నా వడ్డిస్తే తినాలని ఉండాది."

అమ్మ ఏదైనా కావాలని అడగడం నేను వినడం అదే మొదలు. నాయన మొహంలో నవ్వు పోయింది. అవ్వ లోపలికి వెళ్ళి తలుపు కాస్త గట్టిగానే వేసింది. బయటి మనిషి ముందు అడిగితే కాదనలేడని అమ్మ ఎత్తు వేసిందని అవ్వకు కోపం. ఇంటి కూడు చాలదన్నట్టు అయిందని నాయనకు రోషం. అయినా ఇంటిల్లిపాదికీ టికెట్లు తీశాడు.

ఆ వారమంతా ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప మాట లేదు. అవ్వ తనకు కావలసినవి తమ్ముడి చేత అడిగించేది. అమ్మ పని రెట్టింపు చేసింది, ఎవరూ వేలెత్తి చూపడానికి లేకుండా. నాకు భయంగా ఉండేది. ఆ సాపాటు బాగుండాలి, సాంబారు ఉప్పగా ఉండకూడదు, అమ్మకు పాయసం అందాలి అని, రంగులరాట్నం సంగతి మరిచిపోయి దండం పెట్టుకునేదాన్ని.

బయల్దేరే రోజు తెల్లవారుజామున బస్సు ఎక్కేసరికి అవ్వ ఒళ్ళో తెల్లగుడ్డ మూట ఉంది. తనే ఎప్పుడు లేచిందో, ఎప్పుడు వండిందో, వంటింట్లో చప్పుడు కాకుండా సద్ది కట్టేసింది. ఆకు కమిలిన వాసన బస్సంతా నిండింది. అమ్మ ఆ మూటను చూసి, మొహం కిటికీ వైపు తిప్పుకుంది. తిరుత్తణి దాటాక టైరు పోయింది. మస్తాన్ మామ చెమటలు కక్కుతూ జాకీ ఎత్తుతుంటే, నాయన చింతచెట్టు కింద పచార్లు చేస్తూ వాచీ చూసుకోవడం, అమ్మ వైపు చూడటం, మళ్ళీ వాచీ చూసుకోవడం. మేము చేరేసరికి టిఫిను వేళ దాటిపోయింది.

"పోయింది. టిఫిను పోయింది. కాటా ఎయ్యకుండా సొమ్ము ఇస్తే ఇంతే" అన్నాడు నాయన.

"మధ్యాన్నం ఉండాది గదా" అంది అమ్మ. అవ్వ మూట వదులు చేసి మా ఇద్దరి చేతుల్లో చెరో నిప్పట్టు పెట్టింది. బయటి తిండి లోపలికి తీసుకురాకూడదని గేటు దగ్గర కాపలావాడు అడ్డుపడితే, ఆ మూటను తీసుకెళ్ళి మస్తాన్ మామకు అప్పజెప్పి వచ్చింది.

ఆటలు ఆడాం. రంగులరాట్నం పైకి పోయినప్పుడు సముద్రం ఒక్కసారిగా కనిపించింది, తమ్ముడు కళ్ళు మూసుకుని నాయన చొక్కా పట్టుకున్నాడు, లావుగా చూపే అద్దంలో తనను చూసుకుని అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అయినా నా ధ్యాస రేకుల కప్పు వేసిన ఆ పొడుగు షెడ్డు మీదే ఉంది.

మధ్యాహ్నం షెడ్డు గుమ్మం దగ్గర ఒకతను మా సాపాటు టికెట్లన్నీ ఒకేసారి పట్టుకుని చించాడు. లోపల బారుగా బల్లలు, నీళ్ళు చల్లిన అరిటాకులు, బకెట్లు పట్టుకుని పరిగెత్తే వడ్డనవాళ్ళు, వేడి సాంబారు ఆవిరి. బల్ల ముందు వరసగా నాయన, తమ్ముడు, నేను, ఆ చివర అవ్వ. నాకూ అవ్వకూ మధ్య ఖాళీ ఉంది. ఆ ఖాళీ ముందు ఆకు కూడా ఉంది. "రా అమ్మా, కూసో" అన్నాను.

"మీరు కానీండి" అంది అమ్మ. తమ్ముడికి బల్ల అందడం లేదని వాడి వెనక నిలబడి అన్నం కలిపింది. అవ్వకు లోటాలో నీళ్ళు పోసింది. వడ్డనవాణ్ణి పిలిచి, "ఆయనకు రసం ఎయ్యి నాయనా" అంది. ఇవన్నీ ఆమె చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి. నేను ఇంకోసారి పిలిచేలోపు ఎవరో లావుపాటి ఆవిడ వచ్చి ఆ ఖాళీలో కూర్చుంది. అమ్మ అడ్డు చెప్పలేదు సరికదా, పక్కకు జరిగి దారి ఇచ్చింది. పెళ్ళిలో లాగా ఆఖరి పంక్తి తనదే కదా అనుకుంది.

గంట కొట్టారు. అందరూ ఆకులు మడిచారు. తరవాతి పంక్తి వాళ్ళు టికెట్లు చింపించుకుని లోపలికి వస్తుంటే, అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, ఒక ఆకు ముందు కూర్చోబోయింది. గుమ్మం దగ్గర టికెట్లు చించినతను వచ్చి, "టికెట్ కిళిచ్చాచ్చుమ్మా" అన్నాడు. మీ టికెట్టు చింపేశాం, మీ పంక్తి అయిపోయింది అని.

నాయన అతనితో గొడవ పడ్డాడు. అరవంలో, తెలుగులో, రెండూ కలిపి. అతను తల ఊపాడే తప్ప వినలేదు. ఆ కోపమంతా నాయన వెనక్కి తిప్పి, అంతమంది ముందు, "నిన్ను నిలబడమనింది ఎవురు? కూసోని తినేదానికే గదా ఇంత రాద్ధాంతం జేసినావు?" అని అరిచాడు. అమ్మ ఏడవలేదు. పెరుగు అంటిన వేళ్ళు కొంగుకు తుడుచుకుంటూ, తప్పు చేసిన చిన్నపిల్లలా నిలబడింది. ఇక జన్మలో ఈమె ఏదీ అడగదు అని నాకు అనిపించింది.

అప్పుడు అవ్వ ముందుకు వచ్చింది. "నోరు ముయ్ రా" అంది నాయనతో. అమ్మ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని బరబరా బయటికి నడిపించింది. గేటు దాటి, మండుతున్న ఇసకలో, బస్సు నీడ దాకా. మస్తాన్ మామ మూట తెచ్చి ఇచ్చి అటు తిరిగి నిలబడ్డాడు. అవ్వ తుండుగుడ్డ పరిచి, ఆకు వేసి, పులుసన్నం పెట్టి, పక్కన ఊరిమిండి వేసింది. పెరుగన్నం వాసన చూసి, పులిసిందని దూరంగా పారేసింది.

"కూసో మే."

"పిల్లోళ్ళు ఎండలో..."

"పిల్లోళ్ళు తినినారు. నువ్వు లేసినావంటే సూడు."

అమ్మ కూర్చుంది. అవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఎండకు కళ్ళు చికిలించి, నిలబడే ఉంది. ఆకు ఖాళీ కాకముందే వంగి ఇంకో పిడికెడు వేసింది. ఎవరి వైపూ చూడకుండా, "మా అత్త పొయ్యేదాకా నేనూ నిలబడే తినినా" అంది. అప్పుడు అమ్మకు కన్నీళ్ళు వచ్చాయి. తినడం మాత్రం ఆపలేదు.

సాయంత్రం బోండా వేళ నాయన ఆ పూట టికెట్లు చేతిలో పట్టుకుని, అమ్మ బల్ల ముందు కూర్చునేదాకా వాటిని గుమ్మం దగ్గర ఇవ్వనని పోలీసులా నిలబడ్డాడు. హడావిడిలో అమ్మ కాఫీతో నాలుక కాల్చుకుంది. మరునాడు ఇంట్లో మామూలే, గడప దగ్గర నిలబడి అమ్మ, వడియాల దగ్గర తిడుతూ అవ్వ.

ఆ తోట ఇప్పుడు లేదు. బెల్లం మండీ లేదు, మస్తాన్ మామ బస్సూ లేదు, ఇంత నీళ్ళు చల్లి ఆకు వేసి పంక్తి పంక్తికీ వడ్డించేవాళ్ళూ పోయారు, ఎవరి పళ్ళెం వాళ్ళే పట్టుకుని నింపుకోవడమే. అవ్వ, నాయన, అమ్మ ముగ్గురూ వెళ్ళిపోయారు.

"చెప్పమ్మా, తీసుకోమంటావా?" అంది మా అమ్మాయి మళ్ళీ.

"తీసుకో. అందరూ తిన్నాక తింటాననే మనిషి ఇంట్లో లేకపోతే ఆ టికెట్టు దండగ కాదు."

"ఈ కాలంలో అట్లాంటి వాళ్ళెవరున్నారు?" అని నవ్వి, ఆకు మడిచింది. అల్లుడూ మడిచాడు. పిల్లలు ఎప్పుడో లేచిపోయారు. గిన్నె అడుగున మాడిన పులుసన్నం కొంచెం ఉంది, నా చేతిలో గరిటె ఉంది, నేను ఇంకా గడప దగ్గర నిలబడే ఉన్నాను.

గరిటె కింద పెట్టి, వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చున్నాను. "నాకొక ఆకు వెయ్యండి" అన్నాను.

ఇద్దరూ మొహాలు చూసుకుని లేచారు. మిగిలిన ఆకులు ఎక్కడ పెట్టానో వాళ్ళకు తెలియదు. చూపిద్దామని సగం లేచి, మళ్ళీ కూర్చున్నాను.