మిషను బాబాయ్ బ్లాగు పడిపోయిన రోజు

పద్దెనిమిది! ఒకటి కాదు, రెండు కాదు, పద్దెనిమిది ప్లగిన్లను, అదే, బ్లాగుకు తగిలించుకున్న చిన్న చిన్న పనిముట్లను, ఒక్క నొక్కుతో అప్‌గ్రేడ్ చేసి కూర్చున్నాడు మా బాబాయ్. కబురందుకుని నేను పరిగెత్తుకెళ్లేసరికి తెర మీద బ్లాగు లేదు, బొమ్మ లేదు, ఒక్క అక్షరం లేదు. కడిగిన పళ్లెంలా తెల్లగా ఉంది.

"ఎవరు నొక్కమన్నారు బాబాయ్? ఒక్కొక్కటే చెయ్యమని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?"

"ఇన్ని పాతబడ్డాయని ఎర్రటి అంకె కనబడుతుంటే ఎలా ఊరుకోనే? సర్వీసింగంటే మొత్తం విప్పాలి, మొత్తం తుడవాలి, మొత్తం బిగించాలి. సగం సగం పని నాకు చేతకాదు."

ముప్ఫై ఏళ్లుగా ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తున్నాడు. వీధి వీధంతా ఆయన్ని మిషను బాబాయ్ అనే పిలుస్తుంది. ఏ మిషను వచ్చినా మరలన్నీ ఊడదీసి ఒకే పళ్లెంలో పోస్తాడు, ఒక్కటీ మిగలకుండా తిరిగి బిగిస్తాడు. ఆ విద్యంతా రాసిపెడదామని పన్నెండేళ్ల కిందట నేనే ఆయనకు బ్లాగు తెరిచిచ్చాను. అదీ అన్నిటికంటే చవకైన హోస్టింగులో. ఎవరిదో పెద్ద కంప్యూటరులో అగ్గిపెట్టెంత చోటు అద్దెకు తీసుకున్నామన్నమాట.

"నా రాతలు పోతే పోయాయి," అన్నాడు బాబాయ్. "సూది గారు నిన్న ప్రశ్న అడిగారు. జవాబు రాద్దామని కూర్చుంటే ఈ దిక్కుమాలిన అంకె కనబడింది. ఆవిడ సాయంత్రానికల్లా బట్టలు కుట్టి ఇవ్వాలట. పాపం, నా జవాబు కోసం కాచుకుని ఉంటారు."

సూది అన్నది ఒక పాఠకురాలు పెట్టుకున్న మారుపేరు. ఎవరో, ఎక్కడుంటుందో తెలియదు. రెండు నెలలకోసారి ఏదో ఒక సందేహం రాస్తుంది. బాబాయ్ బొమ్మలు గీసి మరీ జవాబిస్తాడు. గంటలోనే రాసినా సరే, మొదటి వాక్యం మాత్రం ఎప్పుడూ ఒకటే: "అమ్మా, ఆలస్యానికి మన్నించండి." అంత మర్యాద ఆ మనిషి నోట ఇంట్లో నేనెన్నడూ వినలేదు.

హోస్టింగు కంపెనీకి రాసి అడిగితే, మీ చోటు నిండిపోయింది అని ఒక్క ముక్క చెప్పి చేతులు దులుపుకున్నారు. నిండడమేమిటి, నా మొహం! లోపలికి వెళ్లి చూద్దును కదా, బ్లాగు పిసరంత, మిగతాదంతా బ్యాకప్పులు. రోజుకొక నకలు చొప్పున ఏడాదిన్నరవి అక్కడే కుక్కి ఉన్నాయి. ఆ ఏర్పాటు చేసిన మహాతల్లి ఎవరనుకున్నారు? నేనే! అప్‌గ్రేడు పాత ప్లగిన్‌ను పీకేసింది, కొత్తది పెట్టడానికి చోటు చాలక నడిమధ్యలో చచ్చింది. జాగ్రత్త కోసం దాచినవే కొంప ముంచాయి. ఇందాక బాబాయ్ మీద ఎగిరిందంతా తలుచుకుని నాలిక కరుచుకున్నాను.

మంచినీళ్ల కోసం పక్కగదిలోకి వెళ్లాను. పిన్ని మిషను మీద గుడ్డ కప్పేసి, నేలమీద కూర్చుని బడిపిల్లల గౌన్ల అంచులు చేత్తో కుడుతోంది. ఇంకా ఐదు గౌన్లు పక్కన మడతపెట్టి ఉన్నాయి.

"అదేంటి పిన్నీ, మిషను ఉండగా చేత్తో కుట్టడం?"

"దానికి ఒంట్లో బాగాలేదులే. సైటు లేచిందా?"

పిన్ని ఏనాడూ సైటు సంగతి అడిగిన మనిషి కాదు. అప్పుడే నాకు అనుమానం రావాలి. నా మట్టిబుర్రకు తట్టలేదు.

వెనక్కి వచ్చి పాత బ్యాకప్పులు తీసిపారేశాను. రాతలూ ప్రశ్నలూ దాచుకునే పట్టికలు తెరిచి చూస్తే అన్నీ భద్రంగానే ఉన్నాయి. బాబాయ్ ప్రాణం లేచొచ్చింది.

"ముందు సూది గారి ఈమెయిలు ఉందేమో చూడవే. నేరుగా రాసేద్దాం."

ప్రశ్న అడిగేవాళ్లు ఈమెయిలు ఇచ్చి తీరాలి. అది బయటికి కనబడదు, ఈ పట్టికలోనే ఉంటుంది. నిన్నటి ప్రశ్న పైకి చదివాను: "అయ్యా, తొక్కితే చక్రం తిరుగుతోంది గానీ సూది కదలడం లేదు. రేపు సాయంత్రానికి ఆరు గౌన్లు ఇవ్వాలి."

పక్కనే ఈమెయిలు. చూశాను. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. ఓరి దేవుడో! కరెంటు బిల్లుల కోసమని నేనే, ఈ చేతులతోనే, పదేళ్ల కిందట పిన్నికి తెరిచిచ్చిన ఈమెయిలు అది. పైకి జరిపాను. సూది ప్రశ్నలు అరవై ఒకటి. అన్నిటి పక్కనా అదే.

"మాట్లాడవేమే?" అంటూ బాబాయ్ కళ్లద్దాలు పెట్టుకుని వంగాడు. చదివాడు. కొయ్యబారిపోయాడు. "ఇది... మీ పిన్నిది కదే?"

లేచి గుమ్మం దాకా వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను.

"సూది... నువ్వా?"

పిన్ని తలెత్తలేదు. "నేనే."

"పదడుగుల దూరంలో ఉన్నాను కదే! నన్నే అడగొచ్చుగా!"

"అడిగానండీ. మిషను కొన్న ఏడాది అడిగాను, రేపు చూస్తానన్నారు. మరుసటి ఏడాది అడిగాను, ఇంట్లో మిషను ఎక్కడికి పోతుందన్నారు. తర్వాత అడగడం మానేశాను. అక్కడ అడిగితే గంటలో జవాబొచ్చింది, బొమ్మతో సహా. అమ్మా అన్నారు, మీరు అన్నారు." దారం పంటితో తెంపింది. "ఈ పదేళ్లూ దాన్ని బాగుచేసుకుంటున్నది నేనే."

ఒకే కప్పు కింద పదేళ్లు! బాబాయ్ జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి మిషను వైపు అడుగేశాడు.

"ముట్టుకోకండి."

"మరి సాయంత్రానికి గౌన్లు..."

"జవాబు రాయండి. నేనే చేసుకుంటాను. సగం సగం పని మీకు చేతకాదుగా."

ఇక నేను కూర్చోలేదు, నిలబడే పని చేశాను. ప్లగిన్ల ఫోల్డరు పేరు మార్చగానే అవన్నీ ఆగిపోయాయి, బ్లాగు కళ్లు తెరిచింది. జవాబు పడగానే పాఠకులకు కబురు పంపే ప్లగిన్‌ను అన్నిటికంటే ముందు ఎక్కించాను. మిగతా పదిహేడూ ఎటుపోతే నాకేం!

బాబాయ్ రెండు వేళ్లతో టైపు చేశాడు. "అమ్మా, ఆలస్యానికి మన్నించండి." ఆ వాక్యం దగ్గర ఆగిపోయాడు. దాన్నే చూస్తూ ఉండిపోయాడు. కళ్లు తుడుచుకుని, అంతవరకే పంపేశాడు.

పక్కగదిలో ఫోను మోగింది.

"ఇది అందిందండీ," అంది పిన్ని లోపల్నుంచి. "చక్రం సంగతి రాయండి."