ఖాళీ గడుల్లో సున్నాలు

నీళ్ల ఆఫీసులో ఆవిణ్ణి అందరూ లెక్కలక్క అంటారు. ఊళ్లోని ట్యాంకుల నీళ్లలో మురుగు ఎంతుందో రోజూ పరీక్షించి, ట్యాంకుకొక నిలువు వరుసగా పట్టిక పంపుతారు. ఆ నిలువు వరుసలన్నిటినీ ఫార్ములాతో ఒకే పొడుగాటి జాబితాగా మార్చి, ట్యాంకువారీగా సగటు తీయడం ఆవిడ పని. ఆ పనిలో వంక పెట్టడానికి లేదు, ఒక్క పిచ్చి తప్ప. ఖాళీ గడి కనిపిస్తే ఒళ్లు మంట! జాబితాగా మార్చేటప్పుడు ఖాళీ గడులున్న రోజులు ఎగిరిపోతాయని, ముందే వాటిలో సున్నా కొట్టేస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది మరి.

ఆ ఉదయం కొత్త ట్యాంకు సగటు హద్దు లోపలే వచ్చింది. నీళ్లు బాగున్నాయని రిపోర్టు పంపేసింది. మధ్యాహ్నం వాల్వు తిప్పి కుళాయిలకి వదులుతారు. ఆ నీళ్లు ముందుగా వెళ్లేది ఆవిడ సొంత అక్క ఉండే వీధికే. అక్క ఒళ్లో చంటిబిడ్డ.

ట్యాంకుల్లో నీళ్లు పట్టుకొచ్చే శాంపిళ్లాయన సీసాలు దించుతూ మాటల మధ్యలో అన్నాడు.

"కొత్త ట్యాంకు గేటుకి ఎప్పుడు చూసినా తాళమేనమ్మా. సగం రోజులు నీళ్లే పట్టలేదు. ఆ గడులు ఖాళీగా వదిలేశా."

పట్టని నీళ్లని శుభ్రమైన నీళ్లుగా లెక్కకట్టింది తను! ఆ సున్నాలు తీసేసి మళ్లీ సగటు తీసింది. అంకె హద్దు దాటేసింది.

వాల్వు తిప్పించే ఇంజనీరుకి ముక్కుమీదే కోపం. చెబితే ఉద్యోగం ఉంటుందా? మనిషి బుద్ధి చూడండి, వేలు ముందు అక్క నంబరే నొక్కింది.

"అక్కా, ఇవాళ కుళాయి నీళ్లు ముట్టుకోకు. ఎందుకని అడక్కు."

"సరేలేవే. పక్కింటి వదినకి కూడా చెప్పనా? ఆవిడకీ పసిపిల్లేగా."

లెక్కలక్క సిగ్గుతో చచ్చిపోయింది.

"వీధిలో అందరికీ చెప్పక్కా" అని పెట్టేసి, ఇంజనీరుకి చేసింది.

"సార్, వాల్వు తిప్పకండి. ఆ నీళ్లు మంచివి కావు."

"పొద్దున బాగున్నాయని నువ్వే కదమ్మా రాసిచ్చావ్?"

"తప్పు నాదే సార్. పరీక్షే జరగని రోజులకి సున్నా వేశాను."

అవతల ఆయన ఎవరి మీదో అరిచాడు, "ఆపరా! చెయ్యి తియ్!" తర్వాత ఇటు తిరిగి, "ఎప్పట్నించమ్మా ఇలా వేస్తున్నావ్?" అన్నాడు.

"మొదట్నించీ సార్."

ఫోను పక్కన పెట్టి మిగతా ట్యాంకుల పట్టికలు తెరిచింది. వాటి నీళ్లు ఊరంతా తాగుతూనే ఉంది.