మా ఇల్లు ఖాళీ కాదని చెప్పాల్సిన అంకుల్

నిన్న పొద్దున కాఫీ షాపులో షిఫ్ట్‌లో ఉన్నా. బ్రేక్‌లో ఫోన్ తీస్తే మా హౌస్ గ్రూపులో ఒకటే లైన్. "అంకుల్ పోయారు."

ఏ అంకుల్?

మా గ్రూపులో ఎవరి నాన్నైనా అందరికీ అంకులే. నాకు ముందు మా నాన్నే గుర్తొచ్చాడు. ఫోన్ జారి కింద పడింది.

తీసి చూస్తే ఇంకో మెసేజ్. "మన శేషగిరి అంకుల్. నిద్రలోనే."

నమ్మబుద్ధి కాలేదు. మొన్న సాయంత్రమే కదా వాళ్ళింట్లో కూర్చుని ఉప్మా తిన్నది!

మీలో చాలామందికి ఆయన తెలీదు. రాజమండ్రి మనిషి. ఇక్కడ కెనడాలో, మా రెజైనా ఊళ్ళోనే గవర్నమెంట్‌లో రోడ్ల ఇంజనీర్‌గా చేసి రిటైరయ్యారు. డౌన్‌టౌన్ పక్కన మేం స్టూడెంట్స్ రెంట్‌కుండే పాత ఇంటికి ఆనుకునే ఆయన ఇల్లు. నేను కరీంనగర్ నుంచి వచ్చిన మొదటి చలికాలం, జాకెట్ జిప్ పెట్టుకోకుండా బస్టాప్‌కి పోతుంటే ఆపి మరీ తిట్టారు. "ఏమ్మా, చదవడానికొచ్చావా చావడానికొచ్చావా?" అట్ల మొదలైంది మా పరిచయం.

మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. ఉండాల్సినదానికంటే ఎక్కువ మందిమి ఉంటాం. ఇంకెక్కడా రూమ్స్ దొరకవు, దొరికినా మేం కట్టలేం. ఎవరైనా కంప్లైంట్ చేస్తే స్టడీ పర్మిట్‌కి ఏమన్నా అవుతుందేమో, రేపు ఇక్కడే స్థిరపడటానికిచ్చే పీఆర్‌కి అడ్డమొస్తుందేమో... బెల్ మోగితే చాలు, ముందు కిటికీలోంచి తొంగిచూస్తాం.

ఇది చాలదన్నట్టు బేస్‌బాల్ స్టేడియం ఒకటి.

డౌన్‌టౌన్‌లో కొత్తది కట్టాలంట. ఎక్కడ కట్టాలన్నదే లొల్లి. ఒక సైట్ రైలు పట్టాల పక్కన ఖాళీ యార్డు. ఇంకోటి మా వీధి.

డిసెంబర్‌లో ఒక మధ్యాహ్నం, సైట్లు చూసే కన్సల్టెంట్ తరఫున ఒకామె వచ్చి బెల్ కొట్టింది. మాతో ఉండే నవీన్‌గాడు కిటికీలోంచి ఆమె మెడలో ఐడీ కార్డు చూసి "ఇన్‌స్పెక్షన్ రా!" అన్నాడు. అంతే. స్టవ్ ఆపి, లైట్లు ఆపి, అందరం బేస్‌మెంట్‌లో నక్కినం. ఊపిరి కూడా గట్టిగా తీసుకోలే.

మనుషుల్ని దాచినం. బూట్లు మర్చిపోయినం!

ఇక్కడివాళ్ళు తలుపు లోపల విప్పుతారు. మనకి గడప బయట విప్పకపోతే మనసొప్పదు కదా. ముందు వరండాలో గుట్టగా పడున్నాయి, అన్ని సైజులూ.

పక్కన మంచు తీస్తున్న అంకుల్‌ని ఆమె అడిగింది, ఇవెవరివని. ఆయన పార పక్కన పెట్టి, "ఇవాళ మా ఇంట్లో పూజ. వచ్చినవాళ్ళవి. మా వరండాలో చోటు చాలక ఇక్కడ విప్పారు. ఆ ఇంట్లో ఎవరూ ఉండటం లేదు" అన్నారు, ఇంగ్లీషులో, దర్జాగా. ఆమె రాసుకుని వెళ్ళిపోయింది.

తర్వాత మా కిచెన్‌లో టీ తాగుతూ ఒకటే నవ్వు ఆయన. "పుట్టి బుద్ధెరిగి ఇంత అబద్ధం ఆడలేదర్రా!" మేమూ నవ్వినం. గండం గడిచిందనుకున్నాం.

పోయిన నెల స్టేడియం మీద పబ్లిక్ మీటింగ్ పెట్టారు. అంకుల్‌తో నేనూ వెళ్ళా. గోడకి మ్యాప్. మా ఇంటి మీద బూడిద రంగు వేసి "ఖాళీ ఇల్లు" అని రాసుంది. అంటే పడగొట్టడానికి ఏ అడ్డూ లేదన్నమాట. ఖాళీ చేయించాల్సిన మనుషులు లేరు, వేరే చోటు చూపించాల్సిన పనీ లేదు.

అంకుల్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నా నోటితో నేనే చెప్పాను కదమ్మా" అన్నారు. ఆయన భయపడటం నేనెప్పుడూ చూడలే.

ఆ రోజు నుంచి మనిషికి మనశ్శాంతి లేదు. ఈ సోమవారం సిటీ కౌన్సిల్‌లో మాట్లాడటానికి పేరిచ్చారు. "స్టేడియం కట్టుకోండి, నేనూ వచ్చి చూస్తా. కానీ ఆ ఇంట్లో పిల్లలున్నారు, నేను అబద్ధం చెప్పాను" అని చెప్పేస్తానన్నారు. మేం వద్దని మొత్తుకున్నాం. నిజం చెప్తే ఈ చలిలో మమ్మల్ని బయటికి పంపిస్తారు అంకుల్ అని నేనే గొడవపడ్డా.

"చెప్తే మీలో కొంతమందికి వేరే రూమ్ చూడాలి. నేను తిరిగి చూస్తా. చెప్పకపోతే, ఇల్లు కూల్చేరోజు మీరెవరూ అక్కడ లేనట్టే కదమ్మా" అన్నారు.

మొన్న ఉప్మా పెట్టి ఆ స్పీచే చదివి వినిపించారు. ఇచ్చేది ఐదు నిమిషాలు. ఈయన రాజమండ్రి నుంచి మొదలుపెట్టారు! "సోమవారం లోపు కెనడా దాకా వస్తారా?" అంది వాళ్ళావిడ, మా రాజ్యం ఆంటీ. పడీ పడీ నవ్వినం.

నిన్న షిఫ్ట్ మధ్యలోనే వచ్చేసి, రాత్రిదాకా ఆంటీ పక్కనే కూర్చున్నా. ఆంటీ ఏడవడం లేదు. నా చెయ్యి పట్టుకుని "ఇంకెవరు చెప్తారే?" అని మాత్రం అంది.

నిజం చెప్తున్నా, నాకు చాలా భయంగా ఉంది. ఆయన కోసం కడుపునిండా ఏడుద్దామన్నా ఈ భయం ఏడవనివ్వట్లేదు. మా ఇంట్లో కొందరు అప్పుడే వేరే రూమ్స్ వెతుక్కుంటున్నారు. వాళ్ళని ఏమనాలి?

ఇవాళ పొద్దున సిటీ హాల్‌కి ఫోన్ చేశా. సోమవారం నేను మాట్లాడతా, పేరు రాసుకోండి అన్నా. పేరు అడిగారు, చెప్పా. అడ్రస్ అడిగారు. అదీ చెప్పా.

అవతల ఆమె ఏదో కాగితం తిరగేసింది. "స్టేడియం రిపోర్టులో ఆ ఇల్లు ఖాళీ అని ఉందే" అంది.

"లేదండీ. నేనిక్కడే ఉంటా" అన్నా.

ఫోన్ పెట్టేశాక అప్పుడొచ్చింది ఏడుపు.

వెళ్ళిరండి అంకుల్. మా గురించిన బెంగ మాకొదిలేసి, మీరున్నచోట నిశ్చింతగా నిద్రపోండి.