కార్జం తిన్న మొక్క

నాకు నిజమైన కోపం ఉన్న రోజులవి. ఇప్పుడు నాకు వచ్చేది కోపం కాదు, కాసేపు గొణుక్కుని ఆవులించే విసుగు. అప్పుడు అలా కాదు, పొద్దున లేచేసరికే లోపల ఏదో ఒకటి రాజుకుని ఉండేది. ఇంట్లో మగపిల్లాడికి కోపం వస్తే "వానికి రోషం ఎక్కువ" అని మురిసిపోయేవాళ్ళు, ఆడపిల్లకు వస్తే "దీనికేదో గాలి సోకింది, దర్గాకు తీస్కపోదాం" అనేవాళ్ళు. (తీసుకుపోయారు కూడా. తాయెత్తు కట్టించుకుని తిరిగివచ్చే దారిలోనే ఆటోవాడితో పోట్లాడాను.) ఆ కోపాలన్నీ ఒక ఎత్తు, ఒక మొక్క మూలంగా మా ఇంటిల్లిపాది మీద నాకు వచ్చిన కోపం ఒక ఎత్తు. ఇప్పుడు రాయడానికి కూర్చుంటే చెవులు మళ్ళీ వేడెక్కుతున్నాయి.

మాది వనపర్తి. మా ఇంట్లో మాట తెలుగు, పిలుపులు మాత్రం ఉర్దూవి. తల్లి అమ్మీ, నాయనమ్మ దాదీ, అన్న భయ్యా, మేనత్త ఫుప్పు. అబ్బా లారీ మీద ఊళ్ళు తిరిగేవాడు కనుక ఇంట్లో పెత్తనం భయ్యాది. ఏడో తరగతితో నా చదువు ఆగిపోయింది (ఎందుకు ఆగిందో మొదలుపెడితే ఈ కాగితాలన్నీ ఆ కోపానికే సరిపోతాయి). కొన్నాళ్ళు ఇంట్లో కూర్చుని, గోడలతో గొడవపడి, చివరికి కొల్లాపూర్ దారిలో ఉన్న ఒక నర్సరీలో పనికి కుదిరాను. మామిడి అంట్లకు నీళ్ళు పెట్టడం, కవర్లలో మట్టి నింపడం, గులాబీలకు ఎండుకొమ్మలు కత్తిరించడం నా పని. మొక్కలతో నాకు బాగుండేది. అవి ఎదురు చెప్పవు, నేను తిట్టినా వినిపించుకోవు. భయ్యాకు మాత్రం అది నచ్చేది కాదు. "మట్టిల పనిచేసే పిల్లకు సంబంధాలు రావు. బక్రీదు దాటినంక బంద్ చెయ్, కుట్టుమిషను నేర్సుకో" అని రోజూ అన్నం ముందు ఒక మాట వేసేవాడు.

ఆ ఏడాది నర్సరీ యజమానురాలు, అందరం సేటమ్మ అనేవాళ్ళం, బెంగళూరు నుంచి పూలమొక్కల లోడుతో పాటు ఈగల్ని తినే మొక్కలు మూడు తెప్పించింది. ఒకదానికి ఆకుల చివర చిన్న చిన్న కూజాలు వేలాడేవి. పురుగు అంచు మీద వాలి లోపలికి జారిందంటే మళ్ళీ పైకి రాదు. రెండోది అరచేతిలో పట్టేంత చిన్నది, ఎర్రది, ఒళ్ళంతా చెమట పట్టినట్టు జిగురు చుక్కలతో మెరిసేది. మూడోదానికి ఆకుకొక నోరు. నోటి అంచులకు కనురెప్పల్లాంటి ముళ్ళు, లోపల సన్నని నూగు. ఆ నూగుకు ఈగ కాలు వెంట వెంటనే రెండుసార్లు తగిలిందో, టక్కున నోరు మూసుకునేది. ఇవన్నీ సారం లేని చిత్తడి నేలల్లో పుట్టే మొక్కలనీ, నేలలో తిండి దొరక్కే నోళ్ళు పెంచుకున్నాయనీ సేటమ్మ చెప్పింది. ఆ మాట నాకెందుకో తెగ నచ్చింది.

మా బోరు నీళ్ళ సంగతి తెలిసిందే కదా, కుండ అంచున సున్నం పేరుకుపోతుంది. ఆ నీళ్ళు పోసిన వారానికే చెమట మొక్క మాడి పడిపోయింది. ఇలాంటి మొక్కలకు వాననీళ్ళు కావాలి, లేదంటే ఏసీ నుంచి కారే నీళ్ళు కావాలి. ఆ ఏడాది వానలు మొహం చాటేశాయి. ఏసీ ఉన్నది మా గల్లీ మొదట్లోని ఏటీఎంకు. అందుకని సేటమ్మ నోళ్ళ మొక్కను నా చేతిలో పెట్టింది.

"గిది బత్కాలె పిల్లా. కాలేజీ సారు పిల్లలకు చూపెట్టనీకి అడిగిండు, పండుగ దాటినంక వస్తడు. బత్కించి అప్పజెప్పినవంటే గసుంటివి ఇంకా తెప్పిస్త, చూసుకునే పని ఏడాదంత నీదే. సచ్చిందనుకో, నువ్వు మళ్ల రానక్కర లేదు."

కుట్టుమిషనుకూ నాకూ మధ్య ఇక ఆ కుండీ ఒక్కటే అడ్డం. రోజూ సీసా పట్టుకుని ఏటీఎం వెనక్కి వెళ్ళి నీళ్ళు పట్టేదాన్ని. అక్కడి కాపలా తాత నన్ను అనుమానంగా చూసేవాడు.

"ఏం పిల్లా, బ్యాంకు నీళ్లు ఎత్కపోతున్నవ్?"

"బ్యాంకుది కాదు తాతా, ఏసీ చెమట. నీకు కావాలంటే నువ్వే తాగు!" అనేదాన్ని. (అంతకన్నా మెత్తగా చెప్పడం అప్పట్లో నాకు చేతనయ్యేది కాదు.)

కుండీని కిటికీలో పెట్టి ఇంటిల్లిపాదికీ గట్టిగా చెప్పాను. ముట్టుకోవద్దు, బోరు నీళ్ళు పోయొద్దు, ఎరువు వేయొద్దు, తిండి పెట్టొద్దు, కావలసింది అదే పట్టుకుంటుంది. దాదీ తమలపాకు నములుతూ అంతా విని, "ముట్టొద్దు, పొయ్యొద్దు, ఎయ్యొద్దు! గిది మొక్కనా, కొత్తల్లుడా?" అంది.

మర్నాటి నుంచి కిటికీ ముందు తిరునాళ్ళే. పాలమ్మాయి వచ్చినా, గ్యాసు బండవాడు వచ్చినా దాదీ వాళ్ళను లోపలికి పిలిచి, అగరుబత్తి పుల్లతో ఒక నోట్లో గీకి, అది మూసుకోగానే తానే పెంచినట్టు మురిసిపోయేది. ఉత్తపుణ్యానికి మూసుకున్న ఆ నోరు మళ్ళీ తెరుచుకోవడానికి ఒక రోజు పడుతుంది. అలా నాలుగైదు సార్లు మోసపోయిందంటే ఇక ఆ నోరు పనికిరాదు, ఎండిపోతుంది. నేను నర్సరీ నుంచి వచ్చి చూసేసరికి సగం నోళ్ళు మూసుకుని ఉండేవి.

"దాదీ, గట్ల మాటికి మాటికి మూపిస్తే సస్తదది!"

"నోరు మూస్తే సస్తరా ఎవరన్న? నువ్వు జర మూసి చూడు, ఇల్లు సల్లగుంటది."

పుల్లలన్నీ దాచేశాను. దాదీ చీపురు పుల్ల పట్టింది.

బక్రీదు రానే వచ్చింది. అయిజ నుంచి ఫుప్పు ముందు రోజే దిగింది. ఖుర్బానీ మాంసాన్ని మూడు వాటాలు చేస్తాం, ఇంటికొకటి, చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ ఒకటి, లేనివాళ్ళకొకటి. ఆ గిన్నెలు మోసుకుని గల్లీ గల్లీ తిరగడం ఆడపిల్లనైన నా వంతు. వెళ్ళేముందు కిటికీ వైపు వేలు చూపించి, "ఎవరన్న ముట్టినరో, మంచిగుండదు" అన్నాను. పండుగపూట ఆ నోరేంటని అమ్మీ నన్నే కసిరింది. ఎండలో ఇల్లిల్లూ తిరిగి, గిన్నెలన్నీ ఖాళీ చేసుకుని మధ్యాహ్నానికి తిరిగివచ్చాను. కిటికీ చూశాను. మొక్కకున్న నోళ్ళన్నీ ఉబ్బి ఉన్నాయి. ఒక్కటి కూడా పూర్తిగా మూసుకోలేక, బుగ్గన లడ్డూ పెట్టుకున్న పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి. కుండీలో నూనె తేలుతోంది.

నేను అరిచిన అరుపుకు వంటింట్లో గరిటె కింద పడింది. ఒక్కొక్కరే వచ్చారు. ఎవరి మొహంలోనూ తప్పు చేసినట్టు లేదు, సవాబు పని, అంటే పుణ్యం పని, చేసిన వెలుగు ఉంది. ఒకరు పెట్టింది ఇంకొకరికి తెలియదట.

"ఖీమా పెట్టిన. సన్నగ నూరిన ఖీమా, మిర్చి గూడ లేదు" అంది ఫుప్పు.

"దానికి పండ్లు లేవు గద బేటీ, ముక్క యాడ నములుతది? అందుకే జర శోర్వా పోసిన మొక్క మొదట్ల" అంది అమ్మీ.

చూడడానికి వచ్చి అక్కడే కూర్చున్న పక్కింటి అవ్వ, నీసు ముట్టని మనిషి, కొంగు సర్దుకుంటూ, "గన్ని నోళ్ళున్నయ్, అండ్ల ఒక్కటన్న నీసు తినంది ఉండదా అని ఒక శనగ్గింజ పెట్టిన బిడ్డా" అంది.

భయ్యా ఇదంతా ఫోన్లో వీడియో తీస్తున్నాడు.

చివరికి దాదీ, అందరికన్నా నెమ్మదిగా, "నేను కార్జం పెట్టిన. మెత్తగుంటది" అంది.

ఇక్కడ నేను ఒక సంగతి చెప్పాలి. మా ఇంట్లో కార్జం, అదే మేక లివరు, భయ్యాది. ముందు నుంచీ అంతే. పళ్ళెంలో నా ముందుకు వచ్చిన ముక్క కూడా దాదీ చెయ్యి మీదుగా వాడి వైపు వెళ్ళిపోయేది, "మొగపిల్లగాడు, బలం గావాలె" అంటూ. పుట్టినప్పటి నుంచీ నేను రుచి చూడని కార్జం, ఈగలు తిని బతికే ఒక మొక్క నోట్లో ఉంది! మొక్క చస్తుందన్న భయం ఒక పక్క, ఇది ఒక పక్క. ఏ కోపం ముందు పడాలో తెలియక నోటికి వచ్చిందే అరిచాను.

"ఏం పెట్టొద్దని చెప్పిన గద! మీకు చెవులు లేవా?"

దాదీ నన్ను జాలిగా చూసింది. "పండుగపూట గల్లీల అందరికీ హిస్సా పంచి, ఇంట్లున్న ప్రాణాన్ని ఉపాసముంచితే మనకు ముద్ద దిగుతదా పిల్లా?"

దయతో చేసిన తప్పు మీద వచ్చే కోపమంత చెడ్డది ఇంకొకటి లేదు. పిన్నీసుతో ముక్కలు తీశాను, తీసిన చోటల్లా నోరు చినిగింది. ఉప్పు శోర్వా కడగాలంటే సీసాల కొద్దీ నీళ్ళు కావాలి. ఏటీఎం దగ్గరికి పరుగెత్తితే, డబ్బులు అయిపోయాయని తలుపు మీద కాగితం అంటించి, ఏసీ కట్టేసి ఉంది. కాపలా తాత పండుగ సేమియా తింటూ, "ఇయ్యాల చెమట లేదు పిల్లా" అన్నాడు.

పండుగ సెలవులు గడిచేసరికి నోళ్ళన్నీ నల్లబడ్డాయి. వాసన వచ్చింది. చీమలు కిటికీ మీద బారు కట్టాయి. భయ్యా ముక్కు మూసుకుని వచ్చి చూసి, "పీడ పాయె. రేపట్నుంచి మిషను సెంటరుకు పో, నేను మాట్లాడి పెట్టిన" అన్నాడు.

అప్పుడు లేచాను. అమ్మీ బట్టలు కత్తిరించే కత్తెర తీసుకున్నాను. వైద్యం చేద్దామని కాదు, నాకు వైద్యం ఏం తెలుసు! ఈ ఇంట్లో వాళ్ళ చెయ్యి పడిన ఆకు ఒక్కటి కూడా మిగలకూడదని. అందరూ చూస్తుండగా నోరు తర్వాత నోరు మొదలంటా కోసి పారేశాను. శోర్వా మట్టినంతా గుమ్మరించాను. అడుగున చిన్న ఉల్లిపాయ పిలకంత గడ్డ ఒకటి మిగిలింది. సీసాలో మిగిలిన నీళ్ళతో దాన్ని కడిగి, తడిపిన చున్నీ కొంగులో చుట్టుకుని బయటికి నడిచాను.

"యాడికి?" గుమ్మంలో భయ్యా అడ్డం నిలబడ్డాడు.

"పనికి."

"సచ్చింది గద, ఇంకేం పని? మిషను..."

"మిషను నువ్వే నేర్సుకో. ఇన్నేండ్ల సంది కార్జం తిని బలం మీదున్నవ్, మంచిగ తొక్కుతవ్."

భయ్యా నోరు తెరిచాడు. ఏ పుల్ల పెట్టినా మూసుకునేలా లేదు. వాడు తేరుకునేలోపు నేను గల్లీ దాటాను.

నర్సరీ దాకా నడిచే వెళ్ళాను. రోడ్డు పక్కన కాదు, రోడ్డు మధ్యలో. హారన్ కొట్టిన ప్రతివాడినీ చూసిన చూపుకు వాడే పక్కకు తప్పుకున్నాడు. సేటమ్మ బల్ల మీద చున్నీ విప్పి, ఆమె నోరు తెరవకముందే నేనే మొదలుపెట్టాను. "మనుషులున్న ఇంటికి మొక్కనిచ్చి పంపుతరా ఎవరన్న? మీకు తెల్వదా మనుషులెట్లుంటరో? శోర్వా పోసిండ్రు! కార్జం పెట్టిండ్రు! శనగ్గింజ గూడ పెట్టిండ్రు! తీసేస్తే తీసెయ్యండి నన్ను, గానీ తప్పు నాది కాదు, మొక్కది అసలే కాదు!"

సేటమ్మ అంతా వినలేదనుకుంటాను. గడ్డను గోటితో గిల్లి చూస్తోంది.

"లోపల తెల్లగనే ఉంది. ఆకులెవరు కోసిండ్రు?"

"నేనే."

"ఎందుకు?"

"కోపమొచ్చి."

"కొయ్యకుంటే కుళ్లు గడ్డకు దిగుతుండె" అని, కొబ్బరి పీచు కడిగి ఇసుకలో కలపమని పురమాయించింది. గడ్డను అందులో పాతి కూజా మొక్క పక్కన నీడలో పెట్టాం. సేటమ్మ కారులో తిప్పే బ్యాటరీ నీళ్ళ డబ్బా ఒకటి నా చేతికిచ్చింది, వాటిలో సున్నం ఉండదని ఆమెకు అప్పుడే తట్టిందట. ఉండు అనలేదు, పో అనలేదు. నేను కూడా అడగలేదు, మర్నాడు మామూలుగా పనికి వెళ్ళాను, ఆ మర్నాడూ వెళ్ళాను.

కాలేజీ సారు వచ్చి ఖాళీ కుండీ చూసి, "ఏదమ్మా మొక్క?" అన్నాడు.

"లోపలుంది సార్. మనుషుల మీద కోపమొచ్చి బయటికొస్తలేదు."

సారు నవ్వి, కోపం తగ్గాక కబురు చెయ్యమన్నాడు. చలి మొదలయ్యే ముందు పీచులోంచి బియ్యపు గింజంత పచ్చని మొన ఒకటి లేచింది. తర్వాత ఇంకొకటి. ఒకనాడు పొద్దున చూస్తే ఆ మొన చివర గోరంత నోరు, రెప్పలతో సహా. నేను సేటమ్మను పిలవలేదు, కుండీ ముందు గొంతుక్కూర్చుని ఏడ్చాను. సంతోషంతో అనుకోకండి, అప్పుడు కూడా కోపమే. ఇంత చిన్న నోటికి శోర్వా పోసినవాళ్ళ మీద.

సారు ఆ మొక్కను కాలేజీకి తీసుకుపోయాడు. సేటమ్మ బెంగళూరు నుంచి ఇంకా తెప్పించింది. భయ్యా కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు, ఆ కొన్నాళ్ళూ ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉండిందో చెప్పలేను. ఇప్పుడు నర్సరీలో ఆ జాతి మొక్కలకని విడిగా ఒక పందిరి ఉంది. దాని తాళంచెవి నా నడుముకు ఉంటుంది. కొనడానికి వచ్చినవాళ్ళు "అన్నం పెట్టొచ్చా? చికెన్ పెట్టొచ్చా?" అని అడుగుతుంటారు. వద్దమ్మా, దాని తిండి అది చూసుకుంటుంది అని నవ్వుతూ చెబుతాను. నవ్వుతూ! ఆ మాట నా నోటి నుంచి వింటుంటే నాకే వింతగా ఉంటుంది. తడి చున్నీలో గడ్డను చుట్టుకుని నడిరోడ్డు మీద నడిచిన ఆ పిల్ల ఇప్పుడు ఎదురొస్తే, నేను కూడా పక్కకు తప్పుకుని దారి ఇస్తాను. ఆమె వెళ్ళే దాకా చూస్తూ నిలబడతాను. పలకరించే ధైర్యం మాత్రం లేదు, తప్పకుండా తిడుతుంది.