మేం ఆగి చూశామట!

నిన్న రాత్రి అచ్యుతాపురంలో సెకండ్ షిఫ్టు ముగించుకుని కంపెనీ బస్సులో ఇంటికొస్తున్నాం. గాజువాక దగ్గర ఓ కార్ల క్లబ్బు కుర్రాడు చెయ్యి అడ్డంపెట్టి బస్సు ఆపేశాడు.

“మా కార్లన్నీ వరసగా ఎల్లాల బావా. మజ్జిలో బస్సొస్తే వీడియో పాడైపోద్ది.”

“మజ్జాన్నం నుంచీ నిలబడి పని సేసొత్తన్న ఆడోళ్లున్నారు. ఆళ్లు ఇళ్లకి ఎల్లొద్దేటి?” అన్నాడు మా డ్రైవర్.

కుర్రాడు చెయ్యి దించలేదు. హారన్లు మోగించుకుంటూ చివరి కారు పోయేదాకా కదలనివ్వలేదు.

ఇవాళ సాయంత్రం ఆ వీడియో నా ఫోన్లోకే వచ్చింది. మా బస్సు కనబడేచోట పెద్దక్షరాలతో రాశారు: ‘వైజాగ్ మొత్తం ఆగిపోయి మమ్మల్నే చూసింది!’

ఛీ! ఆ బస్సు కిటికీలో నోరంతా తెరిచి ఆవులిస్తున్న అభిమానిని నేనే. లైకు కొట్టమంటారా?