మామ మీసం, మాస్కు లీకు

తార్నాకలోని ఒక ఆసుపత్రిలో మా మేనమామ మంచం పక్కన మూడు మధ్యాహ్నాలు కూర్చున్నాను. ఉదయం క్యాంపస్‌లో నా పాఠానికి పిల్లలు నిద్రపోయేవారు. మధ్యాహ్నం ఇక్కడ నాకా అదృష్టం లేదు. మామ ముక్కూ నోరూ కప్పుతూ మాస్కు, దాని గొట్టం చివర గాలి నెట్టే యంత్రం. అది ఊరికే మోగేది.

మొదటి రోజు మోగగానే నర్సు కోసం పరుగెత్తాను. రెండో రోజు ఆమె ఏ మీట నొక్కుతుందో చూసి పెట్టుకున్నాను. మూడో రోజు నేనే నొక్కాను. రెండు నిమిషాల మౌనం. మళ్లీ మోత, మళ్లీ వేలు. కళ్లు తెరవకుండా నొక్కడం కూడా వచ్చేసింది. చదువుకున్నవాణ్ణి కదా.

"సార్, ఏం జేస్తున్నరు?" నర్సు.

"మోగుతున్నది సిస్టర్, బంద్ జేస్తున్న."

"గాలి లీకైతున్నదని మోగుతున్నది సార్! తెర సూడుండ్రి, ఆక్సిజన్ ఎనభై రెండు. గిట్లనే ఉంటె గొంతుల గొట్టం ఎయ్యాలె."

నా వేలు ఇంకా మీట మీదే ఉంది. తీసేశాను.

ఆమె పట్టీలు సర్ది, మాస్కు అంచున చెయ్యి పెట్టి చూసింది. మాస్కు అంచుల బయటికి పొడుచుకొచ్చిన మీసంలోంచి గాలి పోతోంది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో సర్వీసంతా పెంచిన మీసం.

"తియ్యాలె," అంది.

మామ మాట్లాడటానికి మాస్కు ఎత్తాడు. యంత్రం గోల పెట్టింది. "మీసం బోతె మీ అత్త ఇంట్లకు రానియ్యదురా అల్లుడా."

"ఉన్నప్పుడు మాత్రం ఎన్నిసార్లు రానిచ్చింది మామా?"

నవ్వబోయాడు. పెదవులు నీలంగా మారాయి. నా హాస్యం అక్కడితో అయిపోయింది. మాస్కు నేనే కిందికి దించాను. "నిన్నిట్ల సూసుడు నాతోని గాదు మామా. తీసేద్దాం."

మామ బొటనవేలు పైకెత్తాడు.

మాస్కు తీసి, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టి నర్సు పక్కనే నిలబడింది. ఆసుపత్రిలో గడ్డాలు గీసే అతను వచ్చి గబగబా పని ముగించాడు. మాస్కు ఈసారి అతుక్కుంది. నాలుగింటికి డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, "ఇప్పటికైతే గొట్టం అక్కర్లేదు," అంది. తల ఊపాను.

అప్పుడే అత్త వచ్చింది. మా మంచం దాటి వెళ్లి, పక్క మంచం మీది మీసాల ముసలాయనను పరీక్షగా చూసింది. మామ మంచం కమ్మీ మీద కొట్టి పిలిచాడు.

వెనక్కి వచ్చి, వంగి ఆయన ముఖం చూసింది. "పోనీ తియ్యి," అంది. "పెండ్లప్పుడు గూడ గిట్లనే ఉంటివి."

నవ్వితే మాస్కు జరుగుతుందని మామ రెండు చేతులతో కమ్మీ పట్టుకున్నాడు.